చూసిన గీత, ఊహించిన గీత

వేసవి సెలవులు మొదలయ్యాయంటే నంద్యాల, ఆళ్ళగడ్డ పట్టణాల్లోని మన ఇళ్ళలో పిల్లల చేతికి డ్రాయింగు పుస్తకాలు వస్తాయి. కొందరు అచ్చు బొమ్మలు చూసి దించుకుంటారు. కొందరు మిద్దె మీదికి ఎక్కి, లేదా కాలువ గట్టున కూర్చుని, ఎదుట కనిపించే దృశ్యాన్ని పెన్సిలుతో గీస్తారు. ఈ రెండో రకం పిల్లల తల్లిదండ్రులు మదర్సాకు వచ్చి మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: "హజ్రత్, మా బిడ్డ బొమ్మలు గీస్తోంది, గీయనివ్వవచ్చునా?" ఈ ప్రశ్నకు మన ధర్మవేత్తలు ఏనాడో సమాధానం చెప్పి ఉన్నారు. దాని వెనుకనే మరో ప్రశ్న ఉంది. దానిని అడిగేవారు అరుదు. ఉన్నచోట కూర్చుని, కళ్ళారా చూస్తూ గీసిన బొమ్మలో అక్కడ లేనిదానిని చేర్చవచ్చునా? చేరిస్తే అది ఊహ అవుతుందా, అసత్యం అవుతుందా?

మొదటి ప్రశ్న సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. బొమ్మలు చేయడమే జీవనాధారమైన ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) సన్నిధికి వచ్చాడు. ప్రాణుల రూపాలు చేసేవారి విషయంలో దైవప్రవక్త (స) చేసిన హెచ్చరికను ఆయన వినిపించగా ఆ వ్యక్తి ముఖం పాలిపోయింది. అప్పుడు ఇబ్నె అబ్బాస్ (రజి) అతని జీవనోపాధి మార్గాన్ని మూసివేయలేదు. చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకోవచ్చునని దారి చూపారు. ప్రాణుల చిత్రాల గురించి ఉలమాల మధ్య వివరమైన చర్చలు ఉన్నాయి. చెట్టు, కొండ, ఇల్లు, మసీదు, కాలువ గీసుకునే బిడ్డను ఆపవలసిన అవసరం మాత్రం లేదు. ఇక మన చర్చ రెండో ప్రశ్న గురించి.

కొబ్బరి చెట్టు, రెండు కొండలు

మదర్సాలో పిల్లలకు "మీ ఊరి దృశ్యాన్ని గీయండి" అని చెప్పి చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది ఒకే బొమ్మ గీస్తారు. త్రిభుజాల్లాంటి రెండు కొండలు, వాటి నడుమ సగం సూర్యుడు, కొండల మధ్యనుండి జారివచ్చే నది, వాలు కప్పు గల గుడిసె, పక్కన వంగిన కొబ్బరి చెట్టు. 

ఇప్పుడు మిద్దె ఎక్కి నిజంగా చూద్దాం. నంద్యాలకు తూర్పున నల్లమల ఉంది. అది త్రిభుజంలా ఉండదు. ఉత్తరం నుండి దక్షిణానికి గీత గీసినట్లు సాగే పొడవైన గోడలా కనిపిస్తుంది. సూర్యుడు రెండు శిఖరాల నడుమ నుండి కాక, ఆ గోడ వెనుక నుండి లేస్తాడు. సాయంత్రం పడమటి దిక్కున ఎర్రమల వైపు దిగుతాడు. ఈ రెండు కొండల వరుసల మధ్య ఉన్న నల్లరేగడి నేలలో కుందూ నది సాగుతుంది. మన పాత ఇళ్ళకు వాలు కప్పు ఎక్కడుంది? అవి బల్లపరుపు మిద్దెలు. గడపలోనూ, అరుగు మీదా, ప్రహరీలోనూ బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపునుండి వచ్చిన నాపరాతి బండలుంటాయి. దారి పక్కన కనిపించేవి వేప, చింత, తుమ్మ.

అంటే ఆ పిల్లవాడు గీసినది తన ఊరు కాదు. అతడు తన ఊహతో కొత్తగా ఏదో కల్పించాడని సంతోషిద్దామా అంటే అదీ కాదు. ఎవరో ఎక్కడో గీసిన దానిని కంఠస్థం చేసి, తన ఊరి పేరు పెట్టాడు. ఇక్కడ మనం గుర్తించవలసిన మొదటి విషయం ఇదే. చూడకుండా చేర్చినది ఊహ అనిపించుకోదు, అది అలవాటు. కళ్ళ ముందున్న అల్లాహ్ సృష్టిని చూడనివ్వకుండా ఆ అలవాటు అడ్డుపడుతుంది. కొండలు ఎలా నిలపబడ్డాయో, నేల ఎలా పరచబడిందో చూడమని దివ్య ఖుర్‌ఆన్ మానవుణ్ణి పిలుస్తుంది. ఆ పిలుపును చదివే బిడ్డ తన గుమ్మం ముందున్న కొండ ఆకారాన్ని ఎరుగకపోవడం విచారకరం.

గోడ మీది పటం

పెద్దల సంగతి చూద్దాం. మన ఇళ్ళలో చాలావాటిలో గోడ మీద ఒక పటం ఉంటుంది. ఒక పక్క కాబా గృహం, మరో పక్క మస్జిదె నబవీలోని పచ్చని గుంబద్. రెండూ ఒకే ఆకాశం కింద, ఒకే ముంగిట్లో ఉన్నట్లు చిత్రించబడి ఉంటాయి. నడుమ ఒక్కోసారి పూలతీగ, ఒక్కోసారి నెలవంక.

మక్కా నుండి మదీనాకు రహదారి మీద సుమారు 450 కిలోమీటర్లు. నంద్యాల నుండి హైదరాబాదుకు ఉన్న దూరం కంటే అది చాలా ఎక్కువ. ఆ పటం గీసినవారికి మోసం చేసే ఉద్దేశం లేదు. విశ్వాసి హృదయంలో ఆ రెండు పుణ్యక్షేత్రాలు పక్కపక్కనే ఉంటాయి కనుక కాగితం మీద కూడా పక్కపక్కనే ఉంచారు. ఆ సంగతి పెద్దలకు తెలుసు. కాని ఆ పటాన్ని చూస్తూ పెరిగిన పిల్లలు కాబా, పచ్చని గుంబద్ ఒకే ఊరిలో ఉన్నాయని అనుకోవడం నేను పాఠం చెప్పే గదిలో పలుమార్లు చూశాను. హిజ్రత్ పాఠం చెప్పేటప్పుడు ఈ పొరపాటు ఎంత అడ్డమో ఉపాధ్యాయులకు తెలుస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు కట్టడాల నడుమ అన్ని రోజుల ప్రయాణం ఎందుకో, సౌర్ గుహలో దాగడం ఎందుకో, ఎడారి దారిలో ఆ కష్టం ఎందుకో బిడ్డకు అర్థం కాదు. ఒక అందమైన పటం ఒక గొప్ప త్యాగపు దూరాన్ని చెరిపివేస్తుంది.

పటాన్ని తీసివేయమని నేను చెప్పడం లేదు. ఆ పటంలో ఏది చూసినది, ఏది కూర్చినది అన్న మాట బిడ్డకు చెప్పేవారు కావాలని చెబుతున్నాను.

మనవారు గీసిన ఊళ్ళు

ముస్లిముల చరిత్రలో ఈ రెండు మార్గాలూ ఉన్నాయి. ఖలీఫా వలీద్ కాలంలో, క్రీ.శ. 705, 715 సంవత్సరాల మధ్య నిర్మాణమైన దమస్కు జామె మసీదు గోడల మీద చిన్న చిన్న గాజు ముక్కలతో పొదిగిన దృశ్యాలున్నాయి. నది, దాని ఒడ్డున పెద్ద చెట్లు, వాటి నడుమ ఇళ్ళు, భవనాలు. మనిషి లేడు, జంతువు లేదు. అది దమస్కు పక్కన పారే బరదా నది దృశ్యమని కొందరు పండితులు, స్వర్గవనాల భావన అని మరికొందరు చెబుతూ వచ్చారు. చూసిన చెట్టు, ఊహించిన వనం అక్కడ కలిసిపోయాయి. దాని కింద ఏ ఊరి పేరూ లేదు కనుక ఎవరికీ హాని జరగలేదు. చూసేవారు దానిని అలంకారంగానే స్వీకరించారు.

రెండో మార్గానికి ఉదాహరణ మత్రాక్చీ నసూహ్. ఈయన 16వ శతాబ్దిలో ఉస్మానియా సుల్తాన్ సులైమాన్ కొలువులో ఉన్న పండితుడు, గణితవేత్త. 1534 నుండి 1536 వరకు సుల్తాను ఇరాక్, ఇరాన్ దండయాత్రలో సైన్యంతో ప్రయాణించి, దారిలోని మజిలీలను వరుసగా చిత్రించిన గ్రంథాన్ని తయారుచేశాడు. ఇస్తాంబుల్, బగ్దాద్ వంటి నగరాలు అందులో ఉన్నాయి. మనుషుల ఆకారాలు లేకుండా కోటగోడలు, గుంబదులు, వంతెనలు, తోటలతోనే ఒక నగరాన్ని గుర్తుపట్టేలా చేశాడు. ఆయన బొమ్మల్లో పూలు, చెట్లు అలంకారంగానూ ఉంటాయి. అయినా ఊరి పేరు పెట్టిన బొమ్మలో ఆ ఊరి ఆనవాళ్ళు ఉండేలా శ్రద్ధ వహించాడు. మనుషుల బొమ్మలు లేకపోతే చిత్రకళే లేదనుకునే మన పిల్లలకు ఈయన పేరు తెలియజేయాలి.

లేని వంతెన

ఒకసారి మా వద్ద చదువుకునే పన్నెండేళ్ళ అమ్మాయి కాలువ గట్టున కూర్చుని గీసిన బొమ్మ తెచ్చి చూపింది. కాలువ సరిగ్గానే ఉంది. అవతలి గట్టు మీది చింతచెట్టు, మసీదు మినార్ చక్కగా కుదిరాయి. నడుమ మాత్రం ఒక కాలినడక వంతెన ఉంది. అక్కడ వంతెన లేదని నాకు తెలుసు.

"అమ్మా, ఈ వంతెన ఎక్కడిది?" అని అడిగాను.

"లేదు హజ్రత్. మా నానీ ఇల్లు అవతల గట్టున ఉంది. మోకాళ్ళ నొప్పులతో చుట్టూ తిరిగి రాలేకపోతోంది. వంతెన ఉంటే వచ్చేది కదా అని వేశాను" అన్నది.

ఆ జవాబు విన్నాక దానిని చెరిపివేయమని ఎవరు చెప్పగలరు? కొండలకు త్రిభుజాలు వేసిన పిల్లవాని చేర్పుకూ, ఈ అమ్మాయి చేర్పుకూ ఎంతో భేదం ఉంది. ఈమె ముందు ఉన్నదంతా చూసింది. లేనిది ఏమిటో గుర్తించింది. ఆ లోటు వల్ల ఎవరు బాధపడుతున్నారో తెలుసుకుంది. ఊహ అంటే ఇదే. నేను ఆమెకు ఒక మాటే చెప్పాను. వంతెనను చుక్కల గీతతో వేసి, కింద "ఉండవలసినది" అని రాయమన్నాను. అలాగే చేసింది. బొమ్మ అందం తగ్గలేదు. చూసినవారంతా ఆ రెండు మాటలు చదివి ఆగి, నానీ గురించి అడిగారు.

ఇటువంటి వంతెన ఒకటి చిత్రకళా చరిత్రలో ప్రసిద్ధమై ఉంది. ఇటలీలోని వెనిస్ నగరంలో రియాల్టో అనే చోట కట్టడానికి 16వ శతాబ్ది శిల్పి పల్లాడియో ఒక వంతెన నమూనా తయారుచేశాడు. అది ఎన్నడూ కట్టబడలేదు. తర్వాత 18వ శతాబ్దిలో, వెనిస్ దృశ్యాలు చిత్రించడంలో పేరుపొందిన కానలెత్తో ఆ వంతెన నిజంగా కట్టి ఉన్నట్లు చిత్రం వేశాడు. అయితే ఇటువంటి చిత్రాలకు అక్కడివారు వేరే పేరు పెట్టుకున్నారు. ఉన్న కట్టడాలను, లేని కట్టడాలను కలిపి వేసిన దానిని 'కప్రీచ్చో' అంటారు. ఆ పేరు వినగానే ఇది కల్పన అని చూసేవారికి తెలుస్తుంది. ఊహను ఊహగా పిలిస్తే అందులో అసత్యం ఉండదు.

మన ఆళ్ళగడ్డ శిల్పుల సంగతీ అంతే. ఈ పట్టణం రాతిశిల్పానికి దేశమంతటా పేరుపొందింది. మన విశ్వాసం వేరైనా, ఆ పొరుగువారి పనితనాన్ని మనం ఎరుగుదుము. వారు రాతి మీద గీసుకునే గీతలు శాస్త్రం చెప్పిన కొలతల ప్రకారం ఉంటాయి. "దీనిని నీవు ఎక్కడ చూశావు?" అని ఎవరూ శిల్పిని అడగరు. అది చూసి చేసినది కాదని చేసేవారికీ, చేయించుకునేవారికీ తెలుసు కనుక. చిక్కు వచ్చేది "నేను చూసి గీశాను" అని చెప్పినప్పుడే.

సాక్ష్యంగా నిలిచే బొమ్మ

"చూసి గీశాను" అన్న మాట సాక్ష్యం. ఆ సాక్ష్యం విలువ ఎంతో మన రాష్ట్రంలోని అమరావతి చెబుతుంది. అక్కడి ప్రాచీన బౌద్ధ స్తూపపు రాళ్ళను సర్వేయరు కోలిన్ మెకంజీ, ఆయన వద్ద పనిచేసిన చిత్రకారులు 1816, 1817 సంవత్సరాల్లో అక్కడే కూర్చుని గీశారు. ఆ తర్వాత వాటిలో చాలా రాళ్ళు కనిపించకుండా పోయాయి. కట్టడాలకు కొన్ని, సున్నం కాల్చడానికి కొన్ని పోయాయి. నేడు ఆ రాళ్ళ మీద ఏముండేదో తెలుసుకోవడానికి ఆ బొమ్మలే ఆధారం. విరిగిన రాయిని విరిగినట్లే గీయకుండా, పోయిన భాగాన్ని తన ఊహతో పూరించి, దానికి గుర్తు పెట్టకపోతే ఏమయ్యేది? రాయి పోయింది, బొమ్మ మిగిలింది, ఆ బొమ్మను నమ్మడానికి వీల్లేకుండా పోయేది.

మన జిల్లాలోనే మరో చక్కని ఉదాహరణ ఉంది. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించి నమోదు చేశాడు. ఆ తర్వాత 1982, 1983 సంవత్సరాల్లో గెబవర్ నాయకత్వంలో జర్మన్ పరిశోధకులు లోపలికి దిగి పరిశీలించారు. కొలవగలిగిన గుహ మార్గాల పొడవు 3,229 మీటర్లు. గుహలను కొలిచేవారు ఒక నియమాన్ని పాటిస్తారు. దీపం వెలుతురులో, బురదలో కూర్చుని పటం గీస్తూ, కొలిచిన గోడను నిండు గీతతో వేస్తారు. ఇలా ఉండవచ్చునని అనుకున్న గోడను తెగిన గీతతో వేస్తారు. దారి ముందుకు సాగుతున్నా తాము వెళ్ళలేకపోయిన చోట ప్రశ్నార్థకం పెడతారు. ఎందుకంటే ఆ పటాన్ని నమ్మి రేపు మరొకరు ఆ చీకటిలోకి దిగుతారు. లేని దారిని నిండు గీతతో వేస్తే అతని ప్రాణానికే ముప్పు.

ఒక సందు కథ

ఇదంతా చిత్రకారుల గొడవ, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. మన ఇళ్ళలో బొమ్మ గీయనివారు కూడా ఒక బొమ్మ గీస్తారు. అది ఇల్లు, స్థలం పంచే కాగితం మీది బొమ్మ.

ఆళ్ళగడ్డ ప్రాంతంలోని ఒక కుటుంబ వివాదాన్ని తీర్చడానికి పిలిచిన పెద్దల్లో నేనూ ఒకణ్ణి. ఆ ఇంటి దాదా చనిపోవడానికి కొన్నేళ్ళ ముందు, ముంగిట్లో కూర్చుని ఇంటి పటం తన చేత్తో గీశారు. గదులు, బావి, ప్రహరీ అన్నీ ఉన్నాయి. వెనుక గది కూతురి వాటా. ఆ గదికి వెళ్ళడానికి గోడ పక్కన ఒక సందు గీశారు. అప్పటికి ఆ సందు లేదు. వదలాలని ఆయన ఉద్దేశం. కాని ఉన్న గోడకూ, వదలవలసిన సందుకూ ఒకే సిరా, ఒకే గీత. ఆయన పోయిన తర్వాత కూతురు "అబ్బా నాకు దారి గీసి ఇచ్చారు" అన్నది. కొడుకులు "ఇక్కడ సందు ఎన్నడూ లేదు, లేనిదానిని గీసిన కాగితాన్ని ఎలా నమ్ముతాం?" అన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే. రెండు రంజానులు గడిచాయి, అన్నాచెల్లెళ్ళ మధ్య సలాం కూడా లేదు. చివరికి పెద్దకొడుకు అల్లాహ్ భయంతో తన వాటా నుండి మూడడుగులు వదిలాడు. ఆ కాగితం మీద ఆ సందును చుక్కల గీతతో వేసి, "వదలవలసిన దారి" అని రాసి ఉంటే ఆ రెండేళ్ళ ఎడబాటు ఉండేదా?

అప్పుల లావాదేవీలను న్యాయంగా రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని దివ్య ఖుర్‌ఆన్ అంత వివరంగా ఎందుకు ఆదేశించిందో ఇటువంటి చోట తెలుస్తుంది. కాగితం మీది గీత కూడా మాటలాంటిదే. దాని మీద ఆధారపడి ఒకరి హక్కు నిలుస్తుంది, లేదా పోతుంది.

ఇక నేటి ఫోనుల సంగతి చెప్పనవసరం లేదు. ఏ చోటికీ వెళ్ళకుండానే, ఏ గీతా గీయకుండానే, కూలిన మసీదునో మునిగిన ఊరినో యంత్రం నిమిషంలో చిత్రించి ఇస్తుంది. దానికి ఒక ఊరి పేరు తగిలిస్తే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో అది సాక్ష్యంగా తిరుగుతుంది. వార్త వచ్చినప్పుడు విచారించి తెలుసుకోమన్న ఖుర్‌ఆన్ ఆదేశం చిత్రానికీ వర్తిస్తుంది. చిన్ననాడే తన బొమ్మలో చూసినదానిని, ఊహించినదానిని వేరుచేయడం నేర్చుకున్న బిడ్డ, ఇతరుల చిత్రం చూసినప్పుడు కూడా ఆ ప్రశ్న అడుగుతుంది.

ప్రవక్త (స) గీసిన గీతలు

ఈ విషయంలో మనకు అత్యుత్తమ ఆదర్శం దైవప్రవక్త (స) వారిదే. హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీలో ఉంది. ప్రవక్త (స) ఒక చతురస్రం గీశారు. దాని నడుమనుండి బయటికి సాగే ఒక గీత గీశారు. ఆ నడిమి గీత వైపుగా పక్కలనుండి చిన్న చిన్న గీతలు గీశారు. తర్వాత ఒక్కొక్కటీ వివరించారు. లోపల ఉన్నవాడు మనిషి. అతన్ని చుట్టుముట్టి ఉన్నది అతని ఆయువు. బయటికి సాగినది అతని ఆశ. చిన్న గీతలు అతనికి ఎదురయ్యే ఆపదలు.

మనిషి ఆశ చతురస్రాన్ని దాటి బయటికి సాగుతుందని ఆ బొమ్మే చెబుతోంది. ఊహ మనిషి స్వభావంలో ఉన్నదే. అయితే ఏ గీత దేనికో చెప్పకుండా ఆయన (స) విడిచిపెట్టలేదు. హద్దు ఏదో, ఆశ ఏదో చూసినవారికి స్పష్టమైంది. మన పిల్లల బొమ్మలకు ఇంతకంటే మంచి పాఠం మరొకటి లేదు.

తల్లిదండ్రులకు కొన్ని సూచనలు

బిడ్డ బయట కూర్చుని గీసేటప్పుడు, పెన్సిలు పట్టకముందు కాసేపు ఊరకే చూడమనండి. కొండ పైగీత ఎలా ఉంది, నీడ ఏ వైపు పడుతోంది, గోడకు ఏ రాయి వాడారు అని అడగండి. బొమ్మ పూర్తయ్యాక ఒక మూల ఊరి పేరు, తేదీ, ఏ దిక్కుగా కూర్చుని గీసిందీ రాయించండి. లేనిదానిని చేర్చాలనిపిస్తే చేర్చనివ్వండి. దానికి వేరే రంగో, చుక్కల గీతో వాడి, పక్కన ఒక మాట రాయమనండి. "ఇది అక్కడ లేదు కదా" అని గద్దించవద్దు. "ఇది ఎందుకు వేశావు?" అని అడగండి. జవాబులో ఒక నానీ ఉండవచ్చు.

ఇంటి పెద్దలు స్థలం పటం గీసేటప్పుడు, ఉన్నదానిని, కాబోయేదానిని రెండు రకాల గీతలతో వేసి, ఏది ఏదో రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. కూతుళ్ళ వాటా ఉన్నచోట ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

గోడ మీద కాబా, పచ్చని గుంబద్ ఉన్న పటం మీ ఇంట్లో ఉంటే దానిని అలాగే ఉంచండి. ఇషా నమాజు తర్వాత పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక చిన్న కాగితం మీద మక్కా, మదీనా, నడుమ 450 కిలోమీటర్లు అని రాయించి పటం కింద అతికించండి. ఆ దూరాన్ని ఒకనాడు ఎవరు, ఎందుకు, ఎలా దాటారో ఆ రాత్రే చెప్పండి.